ఊళ్లు మారిన ఐన్‌స్టీన్



మా ఇంట్లో ఒక నల్ల ఇనప పెట్టె ఉంది. దాని మూత మీద తెల్ల రంగుతో ఊరి పేరు రాసి ఉంటుంది. బదిలీ అయిన ప్రతిసారీ పాత పేరు కొట్టేసి కింద కొత్త పేరు రాస్తూ వచ్చాం. ఇప్పటికి ఆరు పేర్లయ్యాయి. ఏడో పేరుకు మూత మీద చోటు లేదు. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుందని మాకు తెలుసు. తరగతిలో మొదటి రోజు మీది ఏ ఊరని అడిగితే, ఏ పేరు చెప్పాలో తోచక ఒక్క క్షణం ఆగిపోయే పిల్లలను మేము ప్రతి ఏప్రిల్‌లోనూ చూస్తుంటాం.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత సులభం కాని ఒక పెద్దమనిషి జీవితాన్ని ఈసారి మీకు చెప్పాలనుకున్నాం. ఆయన పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. చెదిరిన తెల్ల జుట్టుతో ఉన్న ఆయన ఫొటో మీరు చూసే ఉంటారు. ఆయన ఎన్ని ఊళ్లు మారారో మాత్రం చాలామందికి తెలియదు. మేము తెలుగు చెప్పేవాళ్లం, భౌతికశాస్త్రం మా సబ్జెక్టు కాదు. అయినా ఆయన కథ చదువుతుంటే రెండు శక్తులు మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. ఒకటి అయస్కాంతం, రెండోది గురుత్వాకర్షణ. ఈ రెండింటికీ ఉన్న తేడా బదిలీల పిల్లలకు మిగతావారికంటే త్వరగా అర్థమవుతుందని మా నమ్మకం.

దిక్సూచి, డైనమో

ఆల్బర్ట్ 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో పుట్టాడు. ఏడాది దాటగానే, 1880లో, కుటుంబం మ్యూనిక్ నగరానికి మారింది. అది అతని మొదటి బదిలీ. అక్కడ తండ్రి హెర్మన్, బాబాయి యాకోబ్ కలిసి విద్యుత్ పరికరాల కర్మాగారం నడిపారు. డైనమోలు, దీపాలు, మీటర్లు తయారు చేసేవారు. డైనమోలో అయస్కాంతం దగ్గర తీగచుట్ట తిరుగుతుంది, తీగలో కరెంటు పుడుతుంది. ఆ పిల్లవాడు పెరిగింది అలాంటి యంత్రాల మధ్య.

నాలుగైదేళ్ల వయసులో ఒకసారి తండ్రి అతనికి దిక్సూచి చూపించారు. ఎటు తిప్పినా ముల్లు మళ్లీ తన దిక్కుకే వస్తోంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. కంటికి కనిపించనిది ఏదో ముల్లును పట్టి తిప్పుతోందన్న ఆశ్చర్యం ఆ పసి మనసులో నాటుకుపోయింది. అరవై ఏళ్లు దాటాక తన జీవితం గురించి రాసుకున్నప్పుడు కూడా ఆయన ఆ దిక్సూచిని మరిచిపోలేదు.

ఒక్కడే మిగిలిపోయాడు

కర్మాగారం పెద్ద కంపెనీల పోటీకి నిలబడలేకపోయింది. 1894లో కుటుంబం అంతా ఇటలీకి, ముందు మిలాన్‌కు, తర్వాత పావియాకు వెళ్లిపోయింది. అంతా అంటే అంతా కాదు. ఆల్బర్ట్‌కు అప్పుడు పదిహేనేళ్లు. హైస్కూలు చదువు పూర్తి చేయాలని అతన్ని మ్యూనిక్‌లోనే ఉంచేశారు. అమ్మ, నాన్న, చెల్లెలు మాయా ఒక దేశంలో, అతను మరో దేశంలో.

ఇక్కడ మీలో కొందరు తల ఎత్తి చూస్తారని మాకు తెలుసు. నాన్నకు బదిలీ వస్తుంది, అన్నయ్యది పన్నెండో తరగతి. బోర్డు పరీక్షలు అయ్యేదాకా అన్నయ్య హాస్టల్లోనో, తెలిసినవారి ఇంట్లోనో ఉండిపోతాడు. మిగతా అందరూ రైలెక్కుతారు. అలా ఉండిపోయిన పిల్లలకు మేము పాఠాలు చెప్పాం. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో చూశాం.

ఆల్బర్ట్ ఆ ఏడాది చివరిదాకా కూడా ఉండలేకపోయాడు. డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, డిసెంబరులో బడి వదిలి ఇటలీలో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోయాడు. చదువు మధ్యలో ఆగింది. 1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి తప్పాడు. లెక్కల్లో తప్పాడని చాలామంది చెబుతుంటారు, అది నిజం కాదు. లెక్కలు, భౌతికశాస్త్రం చాలా బాగా రాశాడు. మిగతా సబ్జెక్టుల్లో చాలలేదు. అప్పటికి అతను మామూలు వయసుకంటే రెండేళ్లు చిన్నవాడు కూడా.

తర్వాత ఆరౌ అనే చిన్న పట్టణంలో బడిలో చేరాడు. అక్కడ ఉపాధ్యాయుడు యోస్ట్ వింటెలర్ ఇంట్లో బస. ఆ ఇంట్లో అతన్ని సొంత బిడ్డలా చూసుకున్నారు. కాంతి కిరణం వెంట అంతే వేగంతో పరుగెత్తితే ఆ కాంతి ఎలా కనిపిస్తుందన్న ఆలోచన అతనికి వచ్చింది ఆ రోజుల్లోనే. తానెక్కడ నిలబడి చూస్తే ఏమి కనిపిస్తుందన్న ప్రశ్న ఆ తర్వాత జీవితమంతా ఆయనతోనే ఉంది. ఊరు మారినప్పుడల్లా చూసే చోటు మారే పిల్లవాడికి ఆ ప్రశ్న రావడం మాకు వింతగా అనిపించలేదు.

పేటెంట్ కార్యాలయం

1896లో జర్మన్ పౌరసత్వం వదులుకున్నాడు. 1901లో స్విస్ పౌరసత్వం వచ్చేదాకా అయిదేళ్లు ఏ దేశపు పౌరుడూ కాదు. 1900లో పాలిటెక్నిక్ చదువు ముగిసినా సరైన ఉద్యోగం దొరకలేదు. రెండు ఊళ్లలో కొన్ని నెలలు తాత్కాలిక ఉపాధ్యాయుడిగా పనిచేశారు. చివరకు 1902లో బెర్న్ నగరంలోని పేటెంట్ కార్యాలయంలో చిన్న ఉద్యోగం వచ్చింది. ఇతరులు కనిపెట్టిన యంత్రాల కాగితాలు పరిశీలించడం పని. అదే ఏడాది తండ్రి మరణించారు. 1903లో తనతో చదువుకున్న మిలేవా మారిచ్‌ను పెళ్లి చేసుకున్నారు. 1904లో పెద్ద కొడుకు హాన్స్ ఆల్బర్ట్ పుట్టాడు.

1905లో, ఇరవై ఆరేళ్ల వయసులో, ఆ గుమాస్తా ప్రచురించిన వ్యాసాలు భౌతికశాస్త్రాన్నే మార్చేశాయి. వాటిలో సాపేక్ష సిద్ధాంతం చెప్పిన వ్యాసం గ్రహాలతోనో నక్షత్రాలతోనో మొదలుకాదు. ఒక అయస్కాంతంతో, ఒక తీగతో మొదలవుతుంది. అయస్కాంతం కదిలి తీగ ఆగి ఉన్నా, తీగ కదిలి అయస్కాంతం ఆగి ఉన్నా పుట్టే కరెంటు ఒక్కటే. మరి పుస్తకాల్లో రెండింటికీ వేరు వేరు కారణాలు ఎందుకు చెబుతున్నారని ఆయన ప్రశ్న. నాన్న కర్మాగారంలోని డైనమో చిన్నప్పుడు అడగాల్సిన ప్రశ్నను ఆయన పెద్దయ్యాక అడిగించింది.

రెండేళ్ల తర్వాత, 1907లో, అదే కార్యాలయంలో కుర్చీలో కూర్చుని ఉండగా రెండో శక్తి ఆయన్ను పట్టుకుంది. ఇంటి కప్పు మీది నుంచి పడుతున్న మనిషికి, పడుతున్నంతసేపు, తన బరువు తనకు తెలియదన్న సంగతి తట్టింది. తన జీవితంలో అన్నిటికంటే సంతోషం ఇచ్చిన ఆలోచన అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఇది మీరే పరీక్షించవచ్చు. ప్లాస్టిక్ సీసాకు అడుగున చిన్న రంధ్రం చేసి నీళ్లు పోయండి. నీళ్లు కారుతాయి. ఇప్పుడు మూత తీసి ఉంచి, సీసాను ఎత్తు నుంచి వదలండి. పడుతున్నంతసేపు నీళ్లు కారవు. సీసా, నీళ్లు కలిసి ఒకే తీరుగా పడుతున్నాయి కాబట్టి నీళ్లు సీసాను నొక్కడం మానేస్తాయి. గురుత్వాకర్షణ గుణమే అది. రాయి అనదు, ఈక అనదు, గాలి అడ్డు లేకపోతే అన్నింటినీ ఒకేలా లాగుతుంది.

అయస్కాంతం అలా కాదు. ఎలక్ట్రాన్ మీద విద్యుదావేశం ఉంది, న్యూట్రాన్ మీద లేదు. రెండూ పక్కపక్కన దూసుకుపోతూ అయస్కాంత క్షేత్రంలోకి వెళితే, ఎలక్ట్రాన్ దారి వృత్తంలా వంగిపోతుంది. న్యూట్రాన్ దాదాపు తిన్నగానే వెళ్లిపోతుంది. గురుత్వాకర్షణ ఇంట్లో అందరినీ కలిపి తీసుకుపోయే బదిలీ. అయస్కాంతం ఒక్కరిని ఎంచి పక్కకు లాగే బదిలీ. మ్యూనిక్‌లో ఒక్కడే మిగిలిన పిల్లవాడికి ఏది ఎక్కువ నొప్పో వేరే చెప్పనక్కరలేదు.

వెలుగు ఎప్పుడు వస్తుంది?

విద్యుదావేశం ఉన్న కణం కదలకుండా ఉన్నా, ఒకే వేగంతో తిన్నగా వెళుతున్నా వికిరణం ఉండదు. దాని వేగమో దిశో మారినప్పుడు మాత్రం అది విద్యుదయస్కాంత తరంగాలను వెదజల్లుతుంది. రేడియో స్టేషన్ స్తంభం నుంచి తరంగాలు రావడానికి కారణం దానిలో ఎలక్ట్రాన్లు పైకీ కిందికీ ఊగడమే. ఎంత వికిరణం వస్తుందో 1897లో జోసెఫ్ లార్మర్ లెక్క కట్టారు. కణం త్వరణం రెట్టింపైతే వికిరణం నాలుగు రెట్లవుతుంది.

అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్ దిశ ప్రతి క్షణం మారుతూ ఉంటుంది. అందుకే అది వెలుగునిస్తుంది. ఇందులో ఎవరికీ సందేహం లేదు. మరి కింద పడే ఎలక్ట్రాన్ సంగతేమిటి?

నేల మీద నిలబడి చూసేవారికి దాని వేగం పెరుగుతోంది. కాబట్టి వికిరణం ఉండాలి. దానితో కలిసి పడుతున్నవారికి అది పక్కనే కదలకుండా ఉంది. కాబట్టి వికిరణం ఉండకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐన్‌స్టీన్ తుల్యతా నియమం ప్రకారం నేల మీద ఉన్న గది, అంతరిక్షంలో అంతే త్వరణంతో దూసుకుపోయే రాకెట్ గది ఒకటే. రాకెట్‌లోని ఆవేశం త్వరణంలో ఉంది కాబట్టి వికిరణం చేయాలి. అలాగైతే మన బల్ల మీద ఊరికే ఉన్న ఆవేశం కూడా చేయాలి కదా? బల్ల మీద వస్తువు ఏళ్ల తరబడి వెలుగు చిమ్ముతూ ఉంటే దానికి శక్తి ఎక్కడిది?

ప్రయోగం చేసి చూద్దామంటే కుదరదు. ఆసుపత్రి ఎంఆర్‌ఐ యంత్రంలో ఉండే 1.5 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో, సెకనుకు 1,000 కిలోమీటర్ల వేగంతో తిరిగే ఎలక్ట్రాన్ త్వరణం, భూమి మీద పడే వస్తువు త్వరణానికి సుమారు 27 వేల లక్షల కోట్ల రెట్లు. లార్మర్ లెక్క ప్రకారం వికిరణంలో తేడా 7 పక్కన 32 సున్నాలు పెట్టినంత. పడే ఎలక్ట్రాన్ వికిరణం చేస్తుందనే అనుకుందాం. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అంతకాలమూ అది పడుతూనే ఉన్నా, కంటికి కనిపించే ఒక్క కాంతి కణానికి సరిపడా శక్తి కూడా పోగవదు. కాబట్టి ఈ ప్రశ్నను కాగితం మీదే తేల్చుకోవాలి. దాని కోసం ముందుగా గురుత్వాకర్షణను పూర్తిగా అర్థం చేసుకోవాలి. ఐన్‌స్టీన్ తర్వాతి ఎనిమిదేళ్లు ఆ పనికే పెట్టారు.

నాలుగు ఊళ్లు, రెండు ఇళ్లు

ఆ ఎనిమిదేళ్లలో ఆయన పెట్టె సర్దని ఏడాదులు తక్కువ. 1909లో బెర్న్ నుంచి జ్యూరిక్. 1910లో అక్కడ చిన్న కొడుకు ఎడ్వర్డ్ పుట్టాడు. 1911లో ప్రాగ్. 1912లో మళ్లీ జ్యూరిక్. 1914లో బెర్లిన్. ప్రతి ఊరిలోనూ ముందటికంటే పెద్ద పదవి. హాన్స్ ఆల్బర్ట్ పదేళ్లు నిండేసరికి నాలుగు నగరాలు చూశాడు.

బెర్లిన్‌లో ఆ ఇల్లు నిలవలేదు. భార్యాభర్తల మధ్య అప్పటికే పెరిగిన దూరం అక్కడ తెగిపోయింది. 1914 జూలై చివర మిలేవా పిల్లలిద్దరినీ తీసుకుని జ్యూరిక్ వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే యూరప్‌లో మహాయుద్ధం మొదలైంది. పదేళ్ల పిల్లవాడు, నాలుగేళ్ల పిల్లవాడు ఒక దేశంలో, తండ్రి మరో దేశంలో. బెర్లిన్ ఉద్యోగం ఒప్పుకున్నది ఆయనే. ఇల్లు విడిపోవడంలో ఆయన తప్పు తక్కువేమీ కాదు. ఇరవై ఏళ్ల కిందట మ్యూనిక్‌లో తనకు జరిగినది, ఇప్పుడు మరో రూపంలో తన పిల్లలకు జరిగింది.

1915 నవంబరులో ఒంటరి ఇంట్లో గురుత్వాకర్షణ సిద్ధాంతం పూర్తయింది. 1919 మే 29న సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల కాంతి ఆయన చెప్పినంత వంగిందని బ్రెజిల్ నుంచి, ఆఫ్రికా దగ్గరి ఒక దీవి నుంచి పరిశీలించిన బృందాలు ప్రకటించాయి. ప్రపంచమంతా ఆయన పేరు మోగిపోయింది. అదే ఏడాది విడాకులయ్యాయి. 1921కి ఇచ్చిన నోబెల్ బహుమతి డబ్బు ఒప్పందం ప్రకారం మిలేవాకు, పిల్లలకు వెళ్లింది.

పెద్ద కొడుకు తర్వాత ఇంజనీరయ్యాడు. నదులు మట్టిని, ఇసుకను ఎలా మోసుకుపోతాయో పరిశోధించి, అమెరికాలో ఆచార్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. చిన్నవాడు ఎడ్వర్డ్ తెలివైనవాడు, సంగీతం బాగా వచ్చినవాడు. ఇరవై ఏళ్ల వయసులో మానసిక వ్యాధి పట్టుకుంది. 1933లో హిట్లర్ ప్రభుత్వం వచ్చాక ఐన్‌స్టీన్ జర్మనీకి తిరిగి వెళ్లలేదు. అమెరికా వెళ్లే ముందు జ్యూరిక్‌లో ఎడ్వర్డ్‌ను చూశారు. ఆ తర్వాత తండ్రీకొడుకులు మళ్లీ కలవలేదు. ఆ అక్టోబరులో ఆయన ప్రిన్స్‌టన్ చేరారు. అది ఆయన చివరి ఊరు.

జవాబు

1947 ఏప్రిల్ 24న, ఆయన ప్రిన్స్‌టన్‌లో ఉండగానే, న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఒక ప్రయోగశాలలో అయస్కాంతాల మధ్య గుండ్రంగా తిరుగుతున్న ఎలక్ట్రాన్ల నుంచి వచ్చే వెలుగు గాజు గొట్టంలో కంటికి కనిపించింది. దానికి సింక్రోట్రాన్ వికిరణమని పేరు. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 యంత్రంలో, సుమారు 172 మీటర్ల చుట్టుకొలత గల గొట్టంలో ఎలక్ట్రాన్లను తిప్పి, ఆ వెలుగుతోనే పరిశోధనలు చేస్తున్నారు. ఇండోర్‌లో చదివి వచ్చిన పిల్లలు మీలో ఉంటే తరగతిలో దాని గురించి చెప్పాలి.

ఐన్‌స్టీన్ 1955 ఏప్రిల్ 18న మరణించారు. పడే ఆవేశం ప్రశ్న మీద హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ రాసిన ముఖ్యమైన వ్యాసం అదే ఏడాది వెలువడింది. 1960లో ఫుల్టన్, రోర్లిక్ మరింత స్పష్టం చేశారు. ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఇలా ఉంటుంది. బల్ల మీద కదలకుండా ఉన్న ఆవేశాన్ని పక్కనే కదలకుండా నిలబడినవారు చూస్తే వికిరణం కనిపించదు. పైనుంచి స్వేచ్ఛగా పడుతూ అదే ఆవేశాన్ని చూసేవారి లెక్కలో వికిరణం ఉంటుంది. ఇద్దరి లెక్కా సరైనదే. వికిరణం ఉందా లేదా అన్నది ఆవేశం ఒక్కదాని సంగతి కాదు, చూసేవారు ఎలా కదులుతున్నారన్నది కూడా అందులో ఉంది.

ఇంకో మాట కూడా ఉంది. తుల్యతా నియమం చిన్న గదికే కచ్చితంగా వర్తిస్తుంది. ఆవేశమేమో ఒక చుక్కతో ఆగిపోయేది కాదు. దాని విద్యుత్ క్షేత్రం గది గోడలు దాటి ఎంతో దూరం పరుచుకుని ఉంటుంది. అందుకే భూమి చుట్టూ తిరిగే ఆవేశాన్ని చాలా దూరం నుంచి చూడగలిగితే, అతి స్వల్పమైన వికిరణం ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. ఈ విషయంలో సూక్ష్మమైన చర్చలు ఇప్పటికీ సాగుతున్నాయి.

ఇదంతా చదివాక మా ఇనప పెట్టె వైపు చూశాం. ఇల్లంతా కలిసి కదిలినప్పుడు, పెట్టెలో నీళ్ల సీసాలాగా, లోపలివారికి పెద్ద తేడా తెలియదు. బయట నుంచి చూసేవారు మాత్రం అయ్యో, మళ్లీ బదిలీనా అని జాలిపడతారు. ఒక్కరే విడిపోయినప్పుడు సంగతి వేరు. అందరూ కలిసి కదిలినా, మనలో కొంత భాగం పాత ఊళ్లలో పరుచుకునే ఉంటుంది. అక్కడి స్నేహితులకు అది తెలుస్తుంది, కొత్త ఊరిలో బెంచి పంచుకున్నవారికి తెలియదు.

కాబట్టి ఒక పని అడుగుతున్నాం. ఈ ఏడాది మీ తరగతిలో బోర్డు పరీక్షల కోసం ఇంటివారిని వదిలి ఒక్కరే ఉండిపోయిన విద్యార్థి ఎవరైనా ఉంటే, మధ్యాహ్నం డబ్బా తెరిచేటప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆరౌలో వింటెలర్ కుటుంబం చేసింది అంతకంటే పెద్ద పనేమీ కాదు. వాళ్ల భోజనాల బల్ల దగ్గర పదహారేళ్ల ఆల్బర్ట్‌కు ఒక కుర్చీ వేశారు.